మేరీని మహాలక్ష్మిని చెయ్యకండి

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో ప్రేమ సీరియళ్లు రాస్తున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ బహిరంగ లేఖ

పిల్లలూ,

మీరు రాస్తున్నవి చదువుతూనే ఉన్నాను. ఫోన్లో చదవడం నా కళ్లకు కష్టమే గానీ, మనవరాలు అక్షరాలు పెద్దవి చేసి చేతిలో పెడుతుంది. మీలో చాలామంది ఒకే వరస కథ రాస్తున్నారు. అబ్బాయికీ అమ్మాయికీ పడదు. ఎదురుపడితే చాలు, ఒకరి మీద ఒకరు లేస్తారు. ముప్పయ్యో భాగం దాకా పోట్లాట, నలభయ్యో భాగంలో ప్రేమ. ఇద్దరివీ కష్టాల బతుకులే. ఒకరి నాన్న తాగి ఇల్లు గుల్ల చేశాడు, ఇంకొకరు పిన్ని ఇంట్లో మాటలు పడుతూ పెరిగారు. మిమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇవాళ్టి కుర్రాళ్ల చేత సాహిత్యం నాశనమైపోతోందని మైకు ముందు వాపోయే పెద్దమనుషుల పక్కన నేనెప్పుడూ కుర్చీ వేసుకోలేదు. ఈ వరస కథ నాకు ఇష్టం. అందుకే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1980ల్లో రేపల్లెలో మా ఇంటి వరండాలో రెండు బీరువాలు పెట్టి అద్దె పుస్తకాల షాపు నడిపాను. రోజుకు పావలా. యద్దనపూడి సులోచనారాణి నవలలు రెండేసి కాపీలు ఉంచినా చాలేవి కావు. ఆవిడ పుట్టిన కాజ కృష్ణకు అవతలే ఉంది, అందుకని మా వాళ్లకు ఆవిడ పక్కింటి మనిషి కింద లెక్క. ఆవిడ ‘సెక్రటరీ’ 1976లో సినిమాగా వచ్చి వెళ్లిపోయింది, అయినా నవల కోసం ముందే పేరు రాయించుకునేవాళ్లు. తిరిగొచ్చిన కాపీ సర్దేటప్పుడు చూసేదాన్ని: హీరోయిన్ జయంతి రాజశేఖరానికి ఎదురుచెప్పే పేజీలు నలిగి, మూలలు మడతపడి, పసుపు వేలిముద్రలతో ఉండేవి. చివరి పేజీలు ప్రెస్సులోంచి అప్పుడే వచ్చినంత తెల్లగా ఉండేవి. మొగుడికీ, అత్తకీ, పని ఇచ్చినవాడికీ తాము చెప్పలేని జవాబు జయంతి నోట వినడానికి వాళ్లు పావలా ఇచ్చారన్నమాట. పెళ్లి ఎలాగూ అవుతుందని వాళ్లకు తెలుసు.

కాబట్టి పోట్లాట తగ్గించమని నేను అనను. 1813లో జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వేసినప్పటి నుంచీ ఈ కథకు ఆయువుపట్టు పోట్లాటే. నేను అడిగేది వేరే. మీ కథలో ఆ పోట్లాటకు ఎవరెంత చెల్లిస్తున్నారు? అందులో హీరో డార్సీతో హీరోయిన్ ఎలిజబెత్ పోట్లాడితే, ఓడితే, తండ్రి పోయాక ఆమెకు ఇల్లు కూడా మిగలదు, ఆ ఆస్తి దూరపు బంధువుకు పోతుంది. అతనికి పోయేది పరువే. ఈ తేడా ఉన్నందుకే ఆ పుస్తకం నిలిచింది. మీ కథల్లో మాత్రం ఇద్దరూ ఒకే ధర పెట్టి పోట్లాడుతున్నట్టు రాస్తున్నారు.

ఇక మన ఊరి సంగతి. శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి పెళ్లి, ఒకే ఇంట్లో ఉండాల్సి రావడం, ఇవన్నీ కొరియా సీరియళ్ల నుంచి వచ్చాయని మీలో కొందరు అనుకుంటున్నారు. తెనాలి ఐతానగర్ మనిషి ఒకాయన వాటిని 1955 జనవరి 12న తెర మీద పెట్టేశాడు. ఆయనే చక్రపాణి, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చినవాడు, ‘చందమామ’ పెట్టినవాళ్లలో ఒకడు. రెండు బెంగాలీ కథల్ని కలిపి ‘మిస్సమ్మ’ చేశాడు. కథ ఎలా ఉందో ఒకసారి చూడండి. మేరీ క్రైస్తవుల అమ్మాయి, బీఏ చదివింది, ఉద్యోగం లేదు. నాన్న చేసిన అప్పు ఉంది, అప్పిచ్చిన డేవిడ్ దాన్ని చూపించి పెళ్లి చేసుకోమంటాడు. రావు అనే కుర్రాడికీ ఉద్యోగం లేదు. భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లు కావాలని బడివాళ్లు వేసిన ప్రకటన చూసి, మొగుడూ పెళ్లాల్లా నటిస్తూ ఆ బడి నడిపే జమీందారు ఊరికి వెళ్తారు. అక్కడ ఆమెకు అతని మీద ఒళ్లు మంట. బొట్టు పెట్టమంటే మంట, పేరంటానికి పిలిస్తే మంట, అతను నవ్వుతూ సర్దిచెబితే ఇంకా మంట. మేరీగా సావిత్రి ఆ మంటను ఎంత బాగా చూపించిందంటే, సినిమాలో సగం బలం అదే.

ఆ మంట ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. అది పొగరు కాదు. నాలుగు మెతుకుల కోసం తన పేరూ, తన ప్రార్థనా దాచుకోవాల్సి వచ్చింది. రావు కూడా అబద్ధమే ఆడుతున్నాడు గానీ, అతను దాచాల్సింది పెళ్లి కాలేదన్న ఒక్క మాటే. ఆమె మనిషి మొత్తాన్నే దాచాలి. ఇలాంటి పోట్లాట రాయడం చక్రపాణికి వచ్చు, ఇది ఆయన గొప్పతనం.

చివరికొచ్చేసరికి ఏం చేశాడో అందరికీ తెలుసు. కాలి మీద పుట్టుమచ్చ బయటపడుతుంది. మేరీ మేరీ కాదు, జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. అప్పు పోయింది, మతం పోయింది, పేదరికం పోయింది. ఇక రావుకు అడ్డేముంది? నాకు ఆ సినిమా ప్రాణం. ఎన్నిసార్లు చూసినా, ఆ పుట్టుమచ్చ దగ్గర మాత్రం చక్రపాణి గారిని నిలదీయాలనిపిస్తుంది. మేరీని మేరీగానే పెళ్లిచేస్తే ఏం పోయేది? ప్రత్యేక వివాహ చట్టం 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సినిమా రావడానికి పదకొండు రోజుల ముందు! హిందువూ క్రైస్తవురాలూ ఎవరి మతంలో వాళ్లుండి రిజిస్ట్రారు ముందు పెళ్లి చేసుకోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. మన సినిమాకు మాత్రం ధైర్యం రాలేదు.

కాలం అలాంటిదని సర్దుకోవడానికీ లేదు. అంతకు పదిహేడేళ్ల ముందే, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది, ఆయన కూడా చిన్నప్పుడు తెనాలిలో పెరిగినవాడే. అందులో ఆ పిల్లను చివరికి బ్రాహ్మణ పిల్లగా తేల్చలేదు. ఎవరి కడుపున పుట్టిందో ఆ పిల్లగానే ఉంచి, ఎదుటివాళ్లను మారమన్నారు. 1938లో చెయ్యగలిగింది 1955లో మానేశాం. మీరిప్పుడు రాస్తున్న వాటిలో సగానికి పైగా మళ్లీ ఆ పుట్టుమచ్చ దగ్గరికే వస్తున్నాయి. అనాథ పిల్ల కోటీశ్వరుడి మనవరాలు అవుతుంది, మెకానిక్కు కుర్రాడికి తాత వీలునామా దొరుకుతుంది. ముప్పై భాగాలపాటు పేదరికాన్ని పిండి కన్నీళ్లు తీసి, ముప్పయ్యొకటో భాగంలో దాన్ని పొరపాటున పడిన ఉత్తరంలా వెనక్కి పంపేస్తారు. అంత తేలిగ్గా పోయేదైతే, మొదట్లో మమ్మల్ని ఎందుకు ఏడిపించినట్టు?

1955 అంటే నాకు ఇంకొకరు గుర్తొస్తారు. మిస్సమ్మ హాళ్లలో ఆడుతున్న ఆ ఏడే తెనాలిలో నటరాజన్ చనిపోయాడు. ముప్పై దాటీ దాటని మనిషి. తమిళ కుర్రాడు, చిన్నతనంలో తండ్రి వెంట తెనాలి వచ్చి హోటళ్లలో సర్వరుగా చేరాడు. బల్లలు తుడుస్తూ, ప్లేట్లు అందిస్తూ తెలుగు నేర్చుకున్నాడు. మాట్లాడేంత నేర్చుకుని ఆగలేదు, నవల రాసేంత నేర్చుకున్నాడు. ‘శారద’ అన్న పేరుతో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ రాశాడు. మూర్ఛరోగం, ఇంట్లో దరిద్రం, అలా ఉండగానే రాశాడు. ఆయనతోపాటు హోటల్లో పనిచేసిన ఆలూరి భుజంగరావు ఆయన మీద ‘సాహిత్య బాటసారి శారద’ అనే పుస్తకం రాశాడు. మీరు కష్టాల కుర్రాణ్ణి హీరోను చేసే ముందు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేస్తే బాగుంటుంది. అందులో ఆకలి అంటే హీరోయిన్ జాలిపడటానికి పెట్టిన సామాను కాదు. పొద్దున ఏ హోటలువాడు పనిలోకి రమ్మంటాడు, ఎవడు వద్దంటాడు, చేతిలో ఉన్న డబ్బుతో కాగితాలు కొనాలా బియ్యం కొనాలా అన్న లెక్క.

మీ కథల్లో మొదటి పోట్లాట ఎప్పుడూ ఒకలాగే మొదలవుతుంది. ఇద్దరూ గుద్దుకుంటారు. కాలేజీ మెట్ల మీదో, బస్సులోనో, సినిమా హాల్లోనో. పుస్తకాలు కింద పడతాయి. “కళ్లు కనబడట్లేదా?” అంటుంది ఆ అమ్మాయి. ఈ సీను రాసేటప్పుడు మీ చెయ్యి ఒక్క క్షణం ఆగాలని నా కోరిక, ఎందుకంటే మన నేల మీద ఒళ్లు తగలడం ఎప్పుడూ ఒట్టి తగలడం కాదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే లైనులో చుండూరు స్టేషను వస్తుంది. 1991 జులైలో ఒక సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులం కుర్రాడికి తగిలిందని తగాదా లేచింది. ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. మీరు పుట్టకముందు సంగతే కావచ్చు. కానీ మీ కథలో బస్సు ఆగే స్టాపు అదే, మీ హీరో ఎక్కే రైలు అదే.

ప్రేమకథలో ఊచకోత పెట్టమని అనడం లేదు. ఒక కుర్రాడు “చూసి నడువు” అని ఎదురుతిరిగితే వాడికి ఏమీ కాదు, ఇంకో కుర్రాడు అదే మాటంటే పేట మొత్తం తలుపులు వేసుకోవాల్సి వస్తుంది. ఆ ఇద్దరిలో మీ హీరో ఎవరు? అది చెప్పకుండా మీ కథ మొదలు కాదు. కులం పేరు రాయకపోతే కులం లేనట్టు అవుతుందని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. పాఠకులు ఇంటిపేరు చూస్తారు, గుడికెళ్లాడా చర్చికెళ్లాడా చూస్తారు, ఇల్లు ఊళ్లో ఉందా పేటలో ఉందా చూస్తారు. మీరు దాచింది వాళ్లు మూడో పేరాలోనే పట్టేస్తారు.

ఇదే వరసలో ఇంకోటి. మీకు “చెడ్డ కుర్రాడు” హీరో కావాలి. పోలీసు స్టేషను మెట్లు ఎక్కినవాడు, ఊరంతా భయపడేవాడు, ఆమె ముందు మాత్రం మెత్తబడేవాడు. సరే. బాపట్ల పక్కనే స్టువర్టుపురం ఉంది. 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంటు. పుట్టుకతోనే నేరస్తులని చట్టం ముద్ర వేసింది, దేశం మొత్తమ్మీద 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయినా ముద్ర పోలేదు. ఆ ఊరి పేరు పెట్టి సినిమాలు వచ్చాయి, 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ దాకా. వాటిలో ఆ ఊరంటే దొంగతనం, ఛేజింగు, తుపాకీ. అక్కడ డిగ్రీ చదివిన పిల్ల ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ అడ్రసు గడి దగ్గర కలం ఆపుతుంది చూడండి, ఆ నిమిషాన్ని ఎవరూ తియ్యలేదు. ఆ పిల్ల ఎవరినైనా ద్వేషించడం మొదలుపెడితే దానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. “మీదేవూరు?” అని అడిగి, జవాబు విని, పర్సు ఇటు జేబులోంచి అటు జేబులోకి మార్చుకున్నవాడు చాలు. మీకు నలభై భాగాలకు సరిపడా శత్రువు దొరికాడు. వాడిని ఆమె ఎప్పటికైనా ప్రేమించగలదా? నాకు తెలియదు. మీరు రాస్తే చదువుతాను.

మణికట్టు సంగతి ఒకటి చెప్పేసి ముందుకు పోతాను, దాని గురించి ఎక్కువ రాసే ఓపిక లేదు. కోపంతో మణికట్టు పట్టి లాగడం, గదిలో పెట్టి గడియ వెయ్యడం, చెంపమీద కొట్టి తర్వాత ఆ చెంపకే మందు రాయడం, వీటిని ప్రేమ కింద జమ కట్టకండి. చిన్నప్పుడు వాడి నాన్న కొట్టేవాడు కాబట్టి వాడూ కొడుతున్నాడని రాస్తారు. కష్టంలో పెరిగినవాళ్లంతా చెయ్యెత్తుతారా? అలా రాసి మీరు కష్టాల్లో పెరిగినవాళ్లనే అవమానిస్తున్నారు.

ఉత్తి మాటలు కాకుండా, నేనైతే ఎలా అల్లుతానో చెబుతాను. నచ్చితే వాడుకోండి, పావలా కూడా అక్కర్లేదు.

సాయంత్రం తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరు. ఒకమ్మాయి తెనాలి బట్టల షాపులో సేల్స్‌గర్లు, ఇల్లు వేమూరు. పొద్దుటి నుంచి నిలబడే ఉంది. షాపులో స్టూలు లేదు, ఉన్నా కూచోనివ్వరు. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూచునే హక్కు ఉండాలని కేరళవాళ్లు 2018లో చట్టం మార్చారు, తమిళనాడువాళ్లు 2021లో మార్చారు. మన పిల్ల ఇంకా నిలబడే ఉంది. పాదాలు వాచి చెప్పులు బిగుసుకుపోయాయి. ఒకబ్బాయి తెనాలివాడు, రేపల్లె దగ్గర ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పడవలకూ చేపల లారీలకూ ఐసు దిమ్మలు ఎత్తుతాడు. తెల్లారేదాకా కన్ను మూయడానికి ఉండదు కాబట్టి రైల్లో ఆ కాసేపే నిద్ర. కిటికీలోంచి తువ్వాలు విసిరి, సీటు పట్టి, ముగ్గురి చోటులో కాళ్లు చాపి కళ్లు మూసుకుంటాడు. ఆమె లేపుతుంది. నిద్రపోతున్నట్టు నటిస్తాడు. ఆమె తువ్వాలు తీసి ఒళ్లో పడేస్తుంది. మొదలైంది.

వాడిని మంచివాడిగా చెయ్యకండి. ఆ సీటు ముసలామె కోసం పట్టాడని తర్వాత తెలియనక్కర్లేదు. వాడికి నిద్ర కావాలి, ఆమెకు కూచోవడం కావాలి, ఉన్నది ఒక్క చోటు. ఇద్దరూ న్యాయంగానే పోట్లాడుతున్నారు. పక్కన కూచున్న జనం ఎవరి పక్షం మాట్లాడతారో చూడండి, అక్కడే ఊరు ఊరంతా వచ్చేస్తుంది. ఆమె చర్చి పేట పిల్ల అని తెలిసినవాళ్లు ఒకలా మాట్లాడతారు, తెలియనివాళ్లు ఇంకోలా. వాడి ఇంటిపేరు విన్నాక గొంతు తగ్గించేవాళ్లూ ఉంటారు. ఆ తగ్గిన గొంతు ఆమెకు వినబడాలి.

మారడం ఎక్కడ? ఒకరోజు వాడి చేతిలో మేస్త్రీ ఇచ్చిన చీటీ ఉంటుంది. రాత్రికి ఎన్ని దిమ్మలు ఎత్తాడో దాని మీద లెక్క. రోజంతా బిల్లులు వేసే పిల్ల కదా, పక్క నుంచి చూడకుండా ఉండలేదు. వరసలన్నీ కలిపితే 64 రావాలి, కింద 46 అని రాసి ఉంది. ఆమెకు వాడి మీద జాలేమీ లేదు. తప్పు కూడిక చూస్తే ఆమెకు ఒంటి మీద చీమలు పాకినట్టుంటుంది, అంతే. “లెక్క తప్పు” అంటుంది. వాడికి చిన్నతనం అనిపిస్తుంది. “నీ పని చూసుకో” అంటాడు. మర్నాడు మేస్త్రీతో గొడవపడతాడు. ఎల్లుండి రైల్లో థాంక్సు చెప్పడు. కానీ కాళ్లు ముడుచుకుని కూచుంటాడు. ఇక్కడి నుంచి పది భాగాలు మీ ఇష్టం.

వాళ్లకు ప్రేమ కుదిరాక కథ ఆపకండి. అసలు ఉత్కంఠ అప్పుడే. వాళ్లు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తారు. ఇందాకటి ప్రత్యేక వివాహ చట్టమే. 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పేర్లు, ఊళ్లు ఉన్న ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు, అభ్యంతరం ఉన్నవాడు చెప్పుకోవచ్చు. పైగా 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయ్యాక వేమూరు అటు పోయింది, తెనాలి గుంటూరులోనే ఉంది. ఒకే రైలు, రెండు జిల్లాలు. ఇద్దరిలో ఒకరు వేరే జిల్లావాళ్లయితే అక్కడికీ నోటీసు కాపీ పంపి, అక్కడా అంటించాలి. అంటే ఒక పెళ్లికి రెండు గోడలు, రెండుచోట్లా చదివేవాళ్లు. వాడి బాబాయి భూమి రిజిస్ట్రేషను పని మీద అక్కడికి రావచ్చు. ఆమె షాపు యజమాని రావచ్చు. లేదా నెలంతా ఎవరూ రాకపోవచ్చు, అది ఇంకా భయం. ఆ 30 రోజులూ వాళ్లిద్దరూ అదే రైల్లో, అదే సీట్లో, తెలియనివాళ్లలా కూచోవాలి. కావాలని పోట్లాడాలి కూడా, ఎవరికీ అనుమానం రాకుండా. మొదటి భాగంలో నిజంగా తిట్టుకున్న తిట్లనే ఇప్పుడు నటిస్తూ తిట్టుకోవాలి. మిస్సమ్మలో ప్రేమ లేకుండా మొగుడూ పెళ్లాలుగా నటించారు, వీళ్లు ప్రేమ పెట్టుకుని శత్రువులుగా నటిస్తారు. దీన్ని వదిలేసి వీలునామాల వెంట ఎందుకు పడుతున్నారో నాకు అర్థం కాదు.

ఆ తర్వాత తెనాలిలో అద్దె గది వెతుక్కోవాలి. ఇల్లుగలామె అడ్వాన్సు సంగతి కంటే ముందు “మీరేమిట్లు?” అని అడుగుతుంది. ఇద్దరూ ఒకేసారి రెండు జవాబులు చెబుతారు. ఆ సీనుకు నవ్వాలో ఏడవాలో తేల్చకుండా రాయగలిగితే చక్రపాణి గారితో సమానంగా కూచోవచ్చు మీరు.

ఇంకొక్క మాట. రాసేవాళ్లు ఒకసారి ఆ రైలెక్కి రండి. ఏ స్టేషను తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ జనం దిగి సీట్లు ఖాళీ అవుతాయో చూసుకోండి. మొన్న ఒక సీరియల్లో హీరోయిన్ రేపల్లెలో బండెక్కి బాపట్ల మీదుగా తెనాలి వెళ్లింది. మా వీధిలో నలుగురు ఆడవాళ్లు అక్కడే చదవడం ఆపేశారు.

ఇట్లు,
రేపల్లె పాత అద్దె పుస్తకాల షాపు మనిషి